కార్తీకంలో టోక్యో, ఒక ఆదివారం

2015 కార్తీక మాసం అది. మా దివిసీమ తమ్ముడి ఆన్‌సైట్ అయిపోవచ్చింది, డిసెంబర్లో ఇండియా వెళ్ళిపోతున్నాడు, వాళ్ళ నాన్నగారికి ఒంట్లో అంత బాగుండట్లేదు, ఒక్కడే కొడుకు, ఇంక మళ్ళీ జపాన్ వచ్చే ఆలోచన లేదని ముందే తేల్చి చెప్పేశాడు. వెళ్ళేలోపు అందరం కలిసి ఒక రోజు పొద్దున్నుంచి రాత్రి దాకా టోక్యో తిరగాలన్నా అని మాచర్ల అన్నని అడిగాడు. డిస్నీలాండ్ వద్దు, అకిహబారా వద్దు, కెమెరాలు రైస్ కుక్కర్లు కొనే పనులేవీ పెట్టుకోవద్దు, ఊరు చూద్దాం అంతే అన్నాడు. ఇన్నేళ్ళయినా ఆ ఆదివారం నాకు పూట పూటా గుర్తుంది, ఎప్పటికైనా రాసి పెట్టుకోవాలని అనుకుంటూనే ఉన్నా, ఇవాళ కుదిరింది.

మేమందరం నిషి-కసాయ్‌లో ఉండేవాళ్ళం. టోక్యోలో ఉన్న మనవాళ్ళకి ఈ పేరు కొత్తగా చెప్పక్కర్లేదు. ఊరికి తూర్పు వైపు ఎదొగవా వార్డులో ఉంటుంది, 2000 సంవత్సరం చుట్టుపక్కల, కంప్యూటర్లలో తేదీలు సరిచేసే వైటూకే పనుల మీద వచ్చిన సాఫ్ట్‌వేర్ వాళ్ళతో మొదలై అక్కడ మన ఇండియా వాళ్ళు బాగా స్థిరపడ్డారు. తోజాయ్ లైన్ ఎక్కితే ఆఫీసులుండే నిహొన్‌బషి, ఒతెమచి నేరుగా వెళ్ళిపోవచ్చు, పైగా యూఆర్ అనే ప్రభుత్వ గృహ సంస్థ వాళ్ళ అపార్ట్‌మెంట్లకి జామీను ఉండే జపాన్ మనిషి అక్కర్లేదు, ఓనర్‌కి ఇచ్చేసి మర్చిపోవాల్సిన కీ మనీ అక్కర్లేదు, కొత్తగా దిగినవాళ్ళకి అంతకంటే ఏం కావాలి. కందిపప్పు, చింతపండు నడిచి వెళ్ళి తెచ్చుకునే దూరంలో దొరికేవి.

మా ఐదుగురి గురించి చెప్తాను, పేర్లు వద్దులెండి, మాలో మేము కూడా ఊళ్ళ పేర్లతోనే పిలుచుకునేవాళ్ళం. మాచర్ల అన్న మా అందరికంటే ముందు వచ్చినవాడు, జపనీస్ గడగడా మాట్లాడతాడు, ఏ గుడి ఎప్పుడు కట్టారో ఏ వంతెన ఎప్పుడు వేశారో చదివి గుర్తుపెట్టుకునే మనిషి. వదినది ఒంగోలు. వరంగల్ వాడు నా రూమ్మేట్. నాది తెనాలి. దివిసీమ తమ్ముడిది నాగాయలంక దగ్గర పల్లె, మాలో అందరికంటే చిన్నోడు, అందుకే వదినకి వాడంటే ఒక పాలు ఎక్కువ.

వదిన కార్తీకం నెలంతా నీచు ముట్టదు. బయట తిండితో ఇబ్బంది అవుతుందేమోనని మేము ఆలోచిస్తుంటే తనే అంది, ఎలాగూ కార్తీకమే కదా, ఏదో ఒక తోటలో వనభోజనం పెట్టుకుందాం, నేను పులిహోర కలుపుతా అని. అంతే, అన్న ఆ రాత్రే ప్లాన్ వేసేశాడు.

పొద్దున్నే చలిగా ఉంది, ఆకాశం మాత్రం ఒక్క మబ్బు లేకుండా ఉంది. నిషి-కసాయ్ స్టేషన్ నేల మీద నుంచి పైకి కట్టింది, రైలు బయల్దేరిన కాసేపటికే అరకవా నది దాటుతుంది, ఆ వెడల్పు, ఆ ఒడ్డున రెల్లు చూస్తే నాకు ఎప్పుడూ ప్రకాశం బ్యారేజీ కింద కృష్ణ గుర్తొచ్చేది. అది అసలు నదే కాదట, అన్న చెప్పాడు. 1910లో వరదలు టోక్యోని ముంచేశాక మళ్ళీ అలా జరగకూడదని ఇరవై కిలోమీటర్ల పైన తవ్వారట, 1924లో నీళ్ళు వదిలారు, 1930కి పని మొత్తం పూర్తయింది. మేముండే వైపు చాలా భాగం సముద్ర మట్టానికి కిందే ఉంటుంది, కట్టలు, పంపులు, తలుపులు లేకపోతే అక్కడ ఊరే లేదు. రోజూ ఆ వంతెన మీద నిద్రమొహాలతో ఆఫీసుకి వెళ్ళే మేము ఆ రోజు కిటికీకి అతుక్కుపోయి చూశాం. తమ్ముడు మాత్రం ఏమీ అనలేదు, కట్ట ఎత్తు ఎంత ఉందో చూస్తున్నాడు.

నిహొన్‌బషిలో దిగి గింజా లైన్ మారాం. అసకుసా నుంచి ఉఎనో దాకా 1927లో మొదలైంది, ఆసియాలో మొట్టమొదటి సబ్‌వే అదే, సొరంగం పైకప్పు కిందకి ఉంటుంది, రైలు కూడా చిన్నది. ఎనిమిది కొట్టేసరికి అసకుసాలో కామినరిమొన్ ముందు ఉన్నాం. ఆ ఎర్ర లాంతరు అందరూ ఫొటోల్లో చూసే ఉంటారు, దాదాపు నాలుగు మీటర్ల ఎత్తు, ఏడొందల కిలోలు. పాత ద్వారం 1865లో కాలిపోతే దాదాపు వందేళ్ళు అక్కడ శాశ్వతమైన ద్వారం లేదు, పానసోనిక్ పెట్టిన మత్సుషితా కొనొసుకే గారు ఇక్కడి దేవతకి మొక్కుకుని జబ్బు నయమైతే 1960లో ఆయన కట్టించారు. ఆ మాట వినగానే వదిన మొహం వెలిగిపోయింది. మొక్కు తీర్చుకోవడం అనేది ఎక్కడైనా మొక్కు తీర్చుకోవడమే కదా అంది.

దుకాణాల వీధి అప్పుడే ఒక్కొక్కటిగా షట్టర్లు ఎత్తుతోంది, బియ్యప్పిండి బిస్కెట్లు కాలుస్తున్న వాసన. లోపల పెద్ద ఇత్తడి కుండలో అగరొత్తులు గుత్తులుగా పొగ చిమ్ముతుంటే పెద్దవాళ్ళు ఆ పొగని చేతుల్తో తెచ్చుకుని తలకి, మోకాళ్ళకి రాసుకుంటున్నారు, మనం హారతి కళ్ళకద్దుకున్నట్టే. వదిన వాళ్ళ పక్కనే నిలబడి అలాగే చేసింది, ఒక ముసలావిడ నవ్వి తను పక్కకి జరిగి వదినకి చోటు ఇచ్చింది. గుళ్ళో ఉన్నది కన్నొన్, అంటే మన అవలోకితేశ్వరుడే, ఇద్దరు జాలరి అన్నదమ్ములకి 628లో సుమిదా నదిలో వలకి విగ్రహం చిక్కిందని స్థలపురాణం. తమ్ముడికి ఇది బాగా నచ్చింది. వాళ్ళది కూడా చేపల ఊరే.

వంద యెన్‌లు వేసి ఇనప డబ్బా ఊపితే ఒక పుల్ల బయటికి వస్తుంది, దాని మీద అంకె ఉన్న సొరుగు తెరిస్తే మన జోస్యం ఉన్న కాగితం. తమ్ముడికి కీడు వచ్చింది. జబ్బు తగ్గడం ఆలస్యం అని అందులో ఉంది, వెనకవైపు ఇంగ్లీషులో కూడా రాసి ఉంటుంది కాబట్టి వాడు చదివేశాడు, వాళ్ళ నాన్న గుర్తొచ్చి మొహం మాడిపోయింది. వదిన చటుక్కున ఆ కాగితం లాక్కుని, కీడు వస్తే ఇంటికి తీసుకెళ్ళకూడదురా, ఇక్కడే కట్టేసి పోవాలి, అదిగో అందరూ కడుతున్నారు చూడు, అని పక్కనే ఉన్న ఇనప తీగలకి మడిచి ముడి వేసింది. రెండు ముళ్ళు వేసింది, నేను చూశాను.

అసలు ఆ రోజు గురించి నేను రాయాలనుకున్నదానికి కారణం ఆ తర్వాత జరిగింది. ప్రధాన మందిరం దగ్గర ఒక పెద్ద గింకో చెట్టు ఉంది. నవంబర్ చివర కదా, ఆకులన్నీ పసుప్పచ్చగా మారి కింద నేలంతా పరుచుకుని ఉన్నాయి. జనం ముందు నుంచి ఫొటోలు తీసుకుంటున్నారు, అన్న మమ్మల్ని పక్కకి తీసుకెళ్ళి మాను చూపించాడు. ఒక వైపు మాను నల్లగా, బొగ్గు బొగ్గుగా, లోపల గుల్లగా ఉంది. 1945 మార్చి 10 రాత్రి అమెరికా విమానాలు నిప్పు బాంబులు వేసినప్పుడు కాలిందట. ఆ ఒక్క రాత్రి ఈ చుట్టుపక్కల దగ్గర దగ్గర లక్ష మంది చనిపోయారు, చెక్క ఇళ్ళు, గాలి, మంటలు తట్టుకోలేక నదిలో దూకినవాళ్ళు కూడా బతకలేదు. ప్రధాన మందిరం బూడిదైంది, మనం ఇందాక దణ్ణం పెట్టుకున్న మందిరం 1958లో కాంక్రీటుతో మళ్ళీ కట్టింది. ఈ చెట్టు మాత్రం సగం కాలి, సగం నుంచి మళ్ళీ చిగురేసింది, అన్నాడు అన్న.

తమ్ముడు చాలాసేపు ఆ కాలిన వైపే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత వాడు చెప్పింది ఇది. 1977 నవంబర్ 19, ఉప్పెన రోజు. వాళ్ళ నాన్నకి అప్పుడు పన్నెండేళ్ళు. నీళ్ళు తాటిచెట్టు ఎత్తున వస్తుంటే ఏం చెయ్యాలో తెలీక కొట్టుకుపోతూ ఒక తుమ్మచెట్టు కొమ్మల్లో ఇరుక్కున్నాడట, ఒళ్ళంతా ముళ్ళు దిగినా వదల్లేదట, రాత్రంతా అలాగే ఉన్నాడట. తెల్లారి చూస్తే ఇల్లు లేదు, నాయనమ్మ లేదు, చెల్లెలు లేదు, ఊళ్ళో చాలామంది లేరు. "మా నాన్న ఇప్పటికీ ఇంట్లో తుమ్మ కర్ర పొయ్యిలో పెట్టనివ్వడు అన్నా" అన్నాడు. మా అందరికీ ఉప్పెన గురించి తెలుసు, కృష్ణా గుంటూరు జిల్లాల్లో పెరిగినవాడు దాని గురించి వినకుండా ఎలా ఉంటాడు, కానీ అన్నాళ్ళు ఒకే బిల్డింగులో ఉండి, ఒకే కుక్కర్లో అన్నం తిని, వాడు ఈ విషయం ఎప్పుడూ చెప్పలేదు. వరంగల్ వాడు వెళ్ళి వాడి భుజం మీద చెయ్యి వేశాడు, ఏం మాట్లాడలేదు. వదిన కింద పడిన ఆకులు నాలుగైదు ఏరి టిఫిన్ బాక్సుల సంచిలో పక్క జేబులో పెట్టింది, ఎందుకో అప్పుడు అడగలేదు.

అక్కణ్ణుంచి అజుమాబషి వంతెన పక్కన పడవ ఎక్కాం. హమరిక్యూ తోట దాకా అరగంట పైన పడుతుంది. టోక్యో వెళ్ళేవాళ్ళు ఎవరడిగినా ఈ పడవ ప్రయాణం మాత్రం వదులుకోవద్దని చెప్తాను. ఊరిని నీళ్ళ మీద నుంచి చూస్తే వేరేగా ఉంటుంది. వెనక్కి తిరిగితే 634 మీటర్ల స్కైట్రీ, అప్పటికి కట్టి మూడేళ్ళే అయింది, ఎదురుగా ఒకదాని తర్వాత ఒకటి వంతెనలు, ఎర్రది, నీలంది, ఆకుపచ్చది, పసుపుది, వరసగా రంగులు మారిపోతుంటాయి. ఇందులో చాలా వంతెనలు 1923 భూకంపంలో పాతవి పోయాక కొత్తగా కట్టినవి, ఎయ్‌తై వంతెన 1926, కియొసు వంతెన 1928. చివర్లో వచ్చే కచిదోకి 1940లో కట్టారు, పెద్ద ఓడలొస్తే మధ్యలో రెండు రెక్కలూ పైకి లేచేవి, 1970 తర్వాత లేవలేదు. అన్న ఒక్కోటీ చెప్తుంటే వరంగల్ వాడు "అన్నా, గీ ఊర్ల పాతది ఒక్కటన్న మిగిలిందా, అన్ని మల్ల కట్టినయే" అన్నాడు. నిజమే. 1657లో కాలింది, 1923లో కూలి కాలింది, 1945లో మళ్ళీ కాలింది. ప్రతిసారీ అదే చోట, అదే గుడి, అదే వంతెన, అదే పేరుతో లేపుకున్నారు. నాకు ఆ ఊరి మీద అప్పటిదాకా ఉన్న గౌరవం వేరు, ఆ రోజు పడవలో కూర్చుని చూసినప్పుడు కలిగింది వేరు. రైళ్ళు సెకన్ల లెక్కన వస్తాయని, రోడ్లు శుభ్రంగా ఉంటాయని మనం మెచ్చుకుంటాం, అది సరే, కానీ అన్నీ పోగొట్టుకున్నవాళ్ళు కట్టుకున్న ఊరు ఇది అని తెలిసి చూడటం వేరే సంగతి.

హమరిక్యూ ఒకప్పుడు జపాన్‌ని ఏలిన సైనిక పాలకుల, అంటే షోగన్‌ల తోట, వాళ్ళు బాతుల వేటకి వచ్చేవాళ్ళు, యుద్ధం అయ్యాక 1946 నుంచి జనానికి తెరిచారు. మూడొందల యెన్‌ల టిక్కెట్టు. చుట్టూ షియొదొమె అద్దాల మేడలు, మధ్యలో చెరువు. ఆ చెరువులోవి సముద్రపు నీళ్ళు. తమ్ముడే ముందు కనిపెట్టాడు, ఒడ్డు రాళ్ళ మీద తడి గీత చూసి "అన్నా, ఇక్కడ పోటూ పాటూ ఉంది" అన్నాడు. వెళ్ళి చూస్తే నిజంగానే తలుపుల తూము ఉంది, పోటు పాటుని బట్టి దాన్ని ఎత్తి దించి చెరువులో నీళ్ళు సర్దుతారు. వాళ్ళ దగ్గర మురుగు కాలవలు సముద్రంలో కలిసేచోట ఉప్పునీళ్ళు ఎదురెక్కకుండా ఇలాంటి తలుపులే ఉంటాయని, తలుపు తుప్పుపట్టి సరిగ్గా పడకపోతే ఆ ఏడాది వరి పోయినట్టేనని, పోటు ఎప్పుడు మొదలవుతుందో వాళ్ళ నాన్న చంద్రుణ్ణి చూసి చెప్పేస్తాడని, వాడు ఆ తూము దగ్గర నిలబడి ఎంత సంబరంగా చెప్పాడో. పొద్దున్నుంచి అన్న చెప్తుంటే విన్నాం, అక్కడ మాత్రం అన్న కూడా చేతులు కట్టుకుని వాడు చెప్పేది విన్నాడు.

మన దగ్గర వనభోజనం అంటే ఉసిరి చెట్టు కింద. టోక్యోలో ఉసిరి చెట్టు ఎక్కడుంటుంది. ఆ తోటలో ఆరో షోగన్ కాలంలో నాటిన పైన్ చెట్టు ఒకటుంది, మూడొందల ఏళ్ళ చెట్టు, కొమ్మలు నేల బారుగా పాకి, కింద ఊతకర్రలు పెట్టి ఉంటాయి. దాని చుట్టూ కంచె ఉంటుంది కాబట్టి అది కనపడేలా కొంచెం దూరంలో కూర్చున్నాం. వదిన సంచిలోంచి చిన్న సీసా తీసి మధ్యలో పెట్టింది, ఉసిరికాయ పచ్చడి. చెట్టు లేకపోతే ఏం, కాయ వచ్చింది కదా అంది. పులిహోర, దద్దోజనం, అల్లం వేసిన గారెలు, ముందురోజు రాత్రి రెండింటి దాకా మేలుకుని చేసిందట. గారెలు చల్లారిపోయి ఉన్నాయి, అయినా అంత రుచిగా నేను మళ్ళీ ఎక్కడా తినలేదు. వదిన తినేముందు కళ్ళు మూసుకుని ఏదో శ్లోకం చెప్పుకుంది. పక్క బెంచీ మీద కూర్చున్న ముసలి దంపతులు మమ్మల్నే చూస్తుంటే అన్న వెళ్ళి మాట్లాడి, మాకు ఈ నెలలో చెట్టు కింద కూర్చుని అందరూ కలిసి తినే ఆచారం ఉందని చెప్పి రెండు గారెలు ఇచ్చాడు. వాళ్ళు రెండు చేతులతో తీసుకుని వంగి దణ్ణం పెట్టారు, కాసేపాగి ఆవిడ మాకు అయిదు కమలాపళ్ళు తెచ్చి ఇచ్చింది. కార్తీకంలో పళ్ళు ఇవ్వడం ఎంత పుణ్యమో ఆవిడకి తెలుసేంటండీ అని వదిన అన్నతో అంటూనే ఉంది దారంతా.

తోట దగ్గర్నుంచి నడిచి వెళ్తే సుకిజి. చేపల మార్కెట్టు అప్పటికి అక్కడే ఉండేది, 2018లో తొయొసుకి మార్చారు. మేము వెళ్ళింది దాని పక్కనే ఉన్న హొంగన్‌జీ గుడికి. చూడగానే వరంగల్ వాడు ఆగిపోయాడు, "ఇదేంది, అజంతా లెక్కుంది" అన్నాడు. ఈ గుడి కథ కూడా అదే, 1657లో అసకుసా దగ్గర కాలిపోతే సముద్రాన్ని పూడ్చి తెచ్చుకున్న నేల మీద ఇక్కడ కట్టుకున్నారు, 1923లో మళ్ళీ కాలింది, ఇప్పుడున్నది 1934లో ఇతొ చూత అనే ఆర్కిటెక్టు కట్టాడు. ఆయన అంతకుముందే చైనా, ఇండియా, టర్కీ అంతా తిరిగి కట్టడాలు చూసినవాడు, బుద్ధుడి ఇల్లు ఇండియా కదా అని ముందు భాగం మన చైత్యాల కిటికీ ఆకారంలో పెట్టాడు. మెట్ల దగ్గర ఏనుగు, కోతి, ఎద్దు, రాతి బొమ్మలు. లోపల మళ్ళీ పూర్తి జపాన్ గుడి.

ఇక్కడ అన్న గొంతు కొంచెం మారింది. ఈ సంప్రదాయం వాళ్ళు ఏడుగురు ఆచార్యుల్ని పూజిస్తారు, ఇండియా నుంచి ఇద్దరు, చైనా నుంచి ముగ్గురు, జపాన్ వాళ్ళు ఇద్దరు, వాళ్ళందరిలో మొట్టమొదటివాడు ఎవరో తెలుసా, మన నాగార్జునుడు అన్నాడు. అన్న పుట్టిన ఊరికి నాగార్జునకొండ ఎంతో దూరం లేదు. వాళ్ళ తాత సాగర్ డ్యామ్ కట్టేటప్పుడు రాళ్ళు మోశాడు. 1955లో శంకుస్థాపన అయింది, నీళ్ళొస్తే లోయంతా మునిగిపోతుందని ఆరేళ్ళ పాటు గబగబా తవ్వి, దొరికిన స్తూపాల్లో విహారాల్లో కొన్నింటిని రాయి రాయి ఎత్తి కొండ మీదకి, ఒడ్డునున్న అనుపుకి మార్చి మళ్ళీ పేర్చారు, మిగతాదంతా ఇప్పుడు నీళ్ళ కిందే. "మా తాత ఒక ఊరు ముంచే పని చేశాడురా, ఆ నీళ్ళతోనే మా అందరికీ అన్నం వచ్చింది, అక్కడివాడని మనం చెప్పుకునే ఆచార్యుణ్ణి వీళ్ళు ఇంత దూరంలో పొద్దునా సాయంత్రం తలుచుకుంటున్నారు" అన్నాడు. గుళ్ళో ఎవరో సూత్రం చదువుతున్నారు, మేం వెనక వరసలో కూర్చుని పూర్తయ్యేదాకా విన్నాం.

వరంగల్ వాడు ఆ రోజు ప్లాన్‌లో పట్టుబట్టింది ఒక్కటే, నేతాజీ అస్థికలు ఉన్నాయంటారే, ఆ రెంకోజీ గుడి. "నేనైతే ఆడికి పోవాల్సిందే అన్నా, ఇంత దూరమొచ్చి సూడకుంట పోతే మా తాత ఊకుంటడా" అని వారం నుంచీ అంటున్నాడు. వాళ్ళింట్లో దేవుడి పటాల పక్కన నేతాజీ ఫొటో ఉండేదట. గింజాలో మరునొచి లైన్ ఎక్కి హిగాషి-కొయెంజిలో దిగాం. అదంతా మామూలు ఇళ్ళ వీధులు, పెరళ్ళలో పండిన పెర్సిమన్ పళ్ళు, టూరిస్టు అన్నవాడు ఒక్కడు కనపడడు. అన్న ఒక పెద్దావిడని దారి అడిగాడు. మా మొహాలు చూడగానే ఆవిడే "చంద్ర బోస్ సాన్?" అంది. గేటు దాకా మాతో నడిచి వచ్చింది.

చిన్న గుడి. తైపేలో 1945 ఆగస్టు 18న విమానం కూలాక అక్కణ్ణుంచి తెచ్చిన అస్థికలు ఆ సెప్టెంబర్‌ నుంచి ఇక్కడే భద్రంగా ఉన్నాయి, ఓడిపోయిన దేశంలో, తినడానికి లేని రోజుల్లో, ఆ గుడి పూజారి ఆ బాధ్యత తీసుకున్నాడు. అవి నేతాజీవేనా కాదా అనే వాదన మన దగ్గర ఇంకా నడుస్తూనే ఉంది, ఆ సంగతి మాకూ తెలుసు. కానీ అక్కడ నిలబడినప్పుడు నాకు ఆ వాదన గుర్తు రాలేదు. ఆవరణలో నేతాజీ బొమ్మ, టోపీతో, యూనిఫాంతో. నెహ్రూ 1957లో వచ్చారు, రాజేంద్రప్రసాద్ ఆ మరుసటి ఏడు, వాజ్‌పేయి 2001లో. మందిరం మూసి ఉంది, బొమ్మ ముందే నిలబడ్డాం. వరంగల్ వాడు షూస్ విప్పి, సాక్సులు కూడా విప్పి, ఆ చల్లటి రాళ్ళ మీద నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు. మేము కూడా వాడి వెనకే షూస్ విప్పేశాం.

సాయంత్రం నాలుగింటికి నిషి-షింజుకులో దిగి మెట్రోపాలిటన్ గవర్నమెంట్ బిల్డింగ్ ఎక్కాం. 45వ అంతస్తు, 202 మీటర్ల ఎత్తు, టిక్కెట్టు లేదు, డబ్బులు పెట్టి టవర్లు ఎక్కేవాళ్ళకి నేను ఇదే చెప్తుంటాను. చలికాలం కదా, నాలుగున్నరకే పొద్దు గూకిపోతుంది. పడమటి వైపు అద్దాల దగ్గర జనం, ఆకాశం నారింజ రంగులోకి తిరిగింది, ఫుజీ కొండ మొత్తం నల్లగా, స్పష్టంగా కనపడింది. ఇండియాలో మధ్యాహ్నం ఒంటిగంట. తమ్ముడు వాళ్ళ నాన్నకి ఫోన్ చేశాడు, పొద్దున చెట్టు ఫొటో వాట్సాప్‌లో పంపించాడట, ఆయన చూశాడో లేదో అని. స్పీకర్ పెట్టాడు.

"అదేం చెట్టురా నాయనా, కాలినట్టుంది ఒక పక్క" అన్నారాయన. వీడు బాంబుల సంగతి చెప్పాడు. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఇంకా చిగురేస్తోందా?" అని అడిగారు. వేస్తోంది నాన్నా, ఆకులన్నీ పసుప్పచ్చగా ఉన్నాయి, ఎంతమంది వచ్చి చూస్తున్నారో అన్నాడు వీడు. "అయితే ఒక ఆకు పట్టుకురా, చూద్దును" అన్నారు. వదిన వెంటనే సంచి జేబులోంచి ఆకులు తీసి వాడి చేతిలో పెట్టింది. అప్పుడర్థమైంది నాకు, ఆవిడ ఎందుకు ఏరిందో.

రాత్రి భోజనం నకమురాయలో, షింజుకు స్టేషన్ పక్కనే. దాని కథ కూడా చెప్పుకోవాలి. రాస్ బిహారీ బోస్, 1912లో ఢిల్లీలో వైస్రాయ్ హార్డింజ్ మీద బాంబు దాడి వెనక ఉన్న మనిషి, 1915లో ఠాగూర్ బంధువునని చెప్పుకుని జపాన్ వచ్చేశాడు. బ్రిటిష్ వాళ్ళు పట్టివ్వమంటే జపాన్ ప్రభుత్వం పంపించెయ్యబోయింది, అప్పుడు నకమురాయ నడిపే సోమ దంపతులు ఆయన్ని తమ దగ్గర దాచారు. తర్వాత వాళ్ళ అమ్మాయి తొషికోని ఆయనకిచ్చి పెళ్ళి చేశారు, ఆ అమ్మాయి 1925లో చిన్న వయసులోనే చనిపోయింది. 1927లో నకమురాయ కరీ అమ్మడం మొదలుపెట్టినప్పుడు ఆ వంట నేర్పింది ఈయనే. 1943లో సింగపూర్‌లో సుభాష్ చంద్ర బోస్‌కి ఉద్యమం పగ్గాలు అప్పగించింది కూడా ఈయనే, స్వాతంత్ర్యం చూడకుండా 1945 జనవరిలో టోక్యోలోనే పోయాడు. ఎముకతో ఉన్న కోడి ముక్కలు, పక్కన వేరేగా అన్నం, మన ఇంటి కూరకి దగ్గరగానే ఉంటుంది. వదిన టీ తాగుతూ మా ఎదురుగా కూర్చుని, ఇల్లు వదిలి వచ్చినవాడు ఇంటి కూర వండి నేర్పించాడంటే ఎంత బెంగ పెట్టుకుని ఉంటాడో పాపం అంది. వరంగల్ వాడు ప్లేటులో ఒక్క మెతుకు మిగల్చలేదు.

తిరిగి ఇంటికొచ్చే రైల్లో సీట్లు దొరకలేదు, అందరం తలుపు దగ్గర నిలబడ్డాం, కాళ్ళు పీకేస్తున్నాయి. అరకవా వంతెన వచ్చినప్పుడు తమ్ముడు "అన్నా, నేను ఇక్కడ ఇన్నాళ్ళున్నా కట్ట అవతల ఏముందో ఎప్పుడూ చూళ్ళేదు" అన్నాడు. అన్న, రేపు సెలవే కదా, పొద్దున్నే కట్ట మీద నడుద్దాం పద అన్నాడు. నడిచాం కూడా.

డిసెంబర్లో నరితాకి అందరం వెళ్ళి వాణ్ణి దింపొచ్చాం. నేను మరుసటి ఏడు హైదరాబాద్ వచ్చేశాను, వరంగల్ వాడు అమెరికా వెళ్ళాడు, అన్నా వదినా అక్కడే ఉన్నారు, పిల్లలు జపనీస్ స్కూల్లోనే చదువుతున్నారు. తమ్ముడి వాళ్ళ నాన్నగారు కోలుకున్నారు. నేను ఒకసారి నాగాయలంక వెళ్ళినప్పుడు చూశాను, ఆ గింకో ఆకుని ఫ్రేమ్ కట్టించి వరండాలో పెట్టుకున్నారు, ఎవరొచ్చినా ఎక్కడి చెట్టో, ఎలా కాలిందో, ఎలా చిగురేసిందో ఆయనే చెప్తారు. జపాన్ పేర్లు పలకడం ఆయనకి రాదు, "మావాడు ఉన్న ఊళ్ళో చెట్టు" అంటారు.

మొన్న అన్న ఫోన్ చేశాడు, వచ్చే కార్తీకానికి పిల్లల్ని తీసుకుని వస్తున్నారట. ఈసారి వనభోజనం అనుపులో పెడదామన్నాడు, లాంచీ ఎక్కి కొండకి కూడా వెళ్ళొద్దాం అని. తమ్ముడు వాళ్ళ నాన్నగారిని కారులో తీసుకొస్తానన్నాడు, వరంగల్ వాడు సెలవు పెట్టి తీరతానన్నాడు. వంటవాళ్ళని మాట్లాడదాం వదినా, అంత మందికి నువ్వొక్కదానివే ఏం చేస్తావు అంటే, మిగతావన్నీ మీ ఇష్టం, పులిహోర మాత్రం నేనే కలుపుతానంది.